ఫ్రిజ్ వెనకవైపు

ఫ్రిజ్ పాడైందని మాకు మొదట చెప్పింది పెరుగు. పొద్దున్నే గిన్నె మీద మూత తీసేసరికి పుల్లటి వాసన బస్సంతా అలుముకుంది. ఫ్రిజ్ లోపల లైటు వెలుగుతోంది, వెనక కంప్రెసరు గుర్రుమంటూనే ఉంది; చెయ్యి పెట్టి చూస్తే మాత్రం లోపలి గాలికీ బయటి గాలికీ తేడా లేదు. మే నెల మొదటి వారం. దేవనకొండలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో వేపచెట్టు కింద నిలబెట్టిన బస్సు అది. ఇంకో వారంలో అమ్మను అందులో ఎక్కించుకుని చిన్నమామ కాశీకి బయలుదేరాలి.

అమ్మ పెరుగు జోలికి పోలేదు. ఫ్రిజ్ తలుపు అరలోంచి చిన్న అట్టపెట్టె తీసి, పసిబిడ్డ నుదురు చూసినట్టు వేళ్ల వెనకవైపుతో తాకి చూసింది. అవి ఆమె ఇన్సులిన్ సీసాలు. పదకొండేళ్లుగా రోజుకు రెండుసార్లు సూది. "పెరుగు పోతే పోయిందిలే నాయనా. ఇవి యాడ పెడదాం?" అంది.

చిన్నమామ బతుకంతా యాత్రల బస్సులతోనే గడిచింది. మా పక్క పల్లెల్లో కాశీ బస్సు అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. నలభై మంది పెద్దవాళ్లు, ఒక వంటమనిషి, ఇద్దరు సాయం. డిక్కీలో బియ్యం మూటలు, జొన్నపిండి, పప్పులు, గ్యాస్ సిలిండర్లు. బస్సు పైన గుండిగలు, గరిటెలు. నీళ్లూ నీడా ఎక్కడ కనిపిస్తే అక్కడ బస్సు ఆగేది, పొయ్యి వెలిగేది. ఇరవై రోజుల తర్వాత గంగచెంబులతో దిగిన వాళ్లకు ఊరంతా ఎదురొచ్చి కాళ్లు కడిగేది. ఆ పని మానుకున్నాక తన చివరి బస్సును అమ్మడానికి మామకు మనసు రాలేదు. సీట్లు పీకించి, యెమ్మిగనూరు వడ్రంగి చేత ప్లైవుడ్‌తో గదులు కట్టించాడు. రెండు మంచాలు, పొయ్యిగట్టు, నీళ్ల ట్యాంకు, మూలగా చిన్న బాత్‌రూము, పైకప్పు మీద సోలార్ పలకలు. అంతా వాళ్లక్క కోసం. ఊళ్లోని అమ్మలందరినీ కాశీకి తీసుకుపోయిన తమ్ముడు ఎన్నిసార్లు పిలిచినా మా అమ్మ ఒక్కసారి కూడా పోలేకపోయింది. మొదట మా చదువులు, తర్వాత నాన్న జబ్బు, ఆ తర్వాత తన చక్కెర.

ఇల్లే ప్రయాణం కట్టడం మన వాళ్లకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో సరిగ్గా ఇలాంటి మే నెలలోనే, 18వ తారీఖున, మద్రాసు నుంచి కాశీకి కదిలాడు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. డేరాలు, బోయీలు, వంట సామాను, పరివారం, అన్నీ వెంట పెట్టుకుని అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగిన ఆ యాత్ర ఒక ఇల్లు నడిచి వెళ్లినట్టే ఉంటుంది. దానికి మూడేళ్ల ముందు, 1827 జూలై 6న, మద్రాసు గవర్నరు థామస్ మన్రో మా పొరుగున ఉన్న పత్తికొండలో మజిలీ చేసి ఉండగా కలరా తగిలి చనిపోయాడు. గవర్నరు గుడారానికి లోటేముంటుంది? అయినా ఇల్లు కదిలినప్పుడు ముందుగా చెడేవి నీళ్లూ తిండే. యాత్రల్లో ముప్పై ఏళ్లు తిరిగిన మామకు ఇది పుస్తకాలు చదవకుండానే తెలుసు. అందుకే బస్సును ఇల్లుగా మార్చేటప్పుడు మంచాలకన్నా ముందు ఫ్రిజ్ కొన్నాడు. ఇళ్లలో వాడే 190 లీటర్ల ఒంటి తలుపు ఫ్రిజ్. దాన్ని మూలన నిలబెట్టి, చూడ్డానికి బీరువాలా కనపడాలని మూడు వైపులా ప్లైవుడ్ బిగించాడు. ఎంతో ప్రేమతో చేసిన పని. అది చెడడంలో ఆ ప్లైవుడ్‌కూ పాలుంది.

ఆదోని నుంచి నేను మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాను. ఫ్రిజ్‌లు బాగుచేయడంలో తల నెరిసిన మనిషి. స్క్రూలు తీసి వెనక పలక లాగగానే కొలిమి దగ్గర నిలబడ్డట్టు వేడి గాలి మా ముఖాల మీద కొట్టింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. టార్చి వేసి రాగి గొట్టాన్ని పొడవునా చూశాడు. ఒక అతుకు దగ్గర నూనె మరక కనిపించింది. గతుకుల రోడ్ల మీద ఊగి ఊగి అతుకు చిట్లింది, గ్యాస్ పోయింది. కంప్రెసరు ముట్టుకుంటే చెయ్యి కాలేలా ఉంది.

"గ్యాస్ ఎక్కిస్తే నడుస్తాది గానీ శానా దినాలు నడవదు," అన్నాడు. "అతుకు చిట్లింది ఒగ కత. దీన్ని గోడలో పెట్టి పూడ్చింది ఇంగొగ కత. ఫ్రిజ్జు చలిని పుట్టియ్యదు సామీ. లోపలుండే వేడిని మోసుకొచ్చి ఎనక పారబోస్తాది. పారబోసేదానికి జాగా ల్యాకపోతే అది మాత్రం యేం జేస్తాది?"

ఆ మాట అప్పటి నుంచి నా వెంటే తిరుగుతోంది.

నేను బడిలో సైన్సు పంతుల్ని. ఆవిరయ్యే ద్రవం చుట్టుపక్కల వేడిని లాక్కుంటుందని, ఆవిరిని నొక్కిపెడితే ఆ వేడిని బయటికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుందని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. ఫ్రిజ్ లోపలి గొట్టాల్లో మొదటి పని, వెనక గొట్టాల్లో రెండో పని. వేడి తనంతట తానుగా ఎప్పుడూ ఎక్కువ వెచ్చనైన చోటు నుంచి తక్కువ వెచ్చనైన చోటికే పోతుంది. అందువల్ల బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం ఆ వెనక గొట్టాలు 42 కన్నా బాగా ఎక్కువ కాగితేనే లోపలి వేడి గాలిలోకి దిగుతుంది. ప్లైవుడ్ పెట్టె లోపల గాలే 60 దాకా పోతే? కంప్రెసరు ఇంకా గట్టిగా నొక్కాలి, ఇంకా కాగాలి, ఆ కాకకు పెట్టె ఇంకా వేడెక్కాలి. తన వేడి తన మీదికే తిరిగొస్తుంటే ఏ యంత్రమైనా ఎన్నాళ్లు పనిచేస్తుంది? ఇన్నేళ్లు ఇదంతా చెప్పినవాణ్ని, ఫ్రిజ్ అనగానే మనసులో మాత్రం ముందు తలుపునే చూసేవాణ్ని. తలుపు తీస్తే వచ్చే చల్లని గాలి, మంచు పొగ, నీళ్ల సీసా. వెనకవైపు నా ఊహలో ఎప్పుడూ లేదు.

చలిని మనిషి సంపాదించుకున్న కథలో ఎక్కడ చూసినా ఈ వెనకవైపు ఒకటి ఉంది. యంత్రాలు రాకముందు చలి పడవల మీద వచ్చేది. 1833 మే నెలలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి బోస్టన్ నుంచి 180 టన్నుల మంచుగడ్డలను ఓడకెత్తించాడు. రంపపు పొట్టు, గడ్డి కప్పుకుని నాలుగు నెలలు సముద్రం మీద ప్రయాణించి, సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి దాదాపు 100 టన్నులు మిగిలాయి. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో సముద్రపు ఒడ్డున గుండ్రటి భవనం కట్టారు. ఐస్ హౌస్ అనేవారు. ఇప్పుడు వివేకానంద ఇల్లం. అమెరికా చెరువు నీళ్లు మద్రాసు దొరల గ్లాసుల్లో తేలుతున్న ఆ ఏళ్లలో మా పడమటి తాలూకాల్లో మంచుముక్క చూసినవాళ్లు ఎందరుంటారు? ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. 1922లో స్టాక్‌హోమ్‌లో ఇంజనీరింగు చదువుతున్న ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, ముంటర్స్, మోటారు లేకుండా చిన్న మంటతో నడిచే ఫ్రిజ్ తయారుచేశారు. అందులో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజను తిరుగుతుంటాయి. పై దేశాల బస్సు ఇళ్లలో ఈనాటికీ గ్యాస్‌తో నడిచేవి దాని సంతతే. అప్పటి మోటారు ఫ్రిజ్‌లలో వాడే గ్యాస్‌లు విషం. అవి కారి బెర్లిన్‌లో ఒక కుటుంబం చనిపోయిందని పత్రికలో చదివి ఐన్‌స్టైన్, జిలార్డ్ కలిసి కదిలే భాగాలే లేని ఫ్రిజ్ ఒకటి రూపొందించి 1930లో అమెరికా పేటెంటు పొందారు. అదే కాలంలో మనిషిని చంపని ఫ్రియాన్ వచ్చింది. ఆ పీడ వదిలిందనుకున్నారు. ఫ్రియాన్ మనిషిని వదిలి ఆకాశానికెక్కి ఓజోన్ పొరను తినేస్తోందని తెలిసి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. ఒకరి వంటింటి చల్లదనపు ఖర్చు అంత దూరాన, అంత ఎత్తున తేలింది.

మెకానిక్ వెళ్లిపోయాక అమ్మ చేసిన పని మాత్రం ఈ కథలన్నిటికన్నా పాతది. కుమ్మరి దగ్గర్నుంచి రెండు కొత్త కుండలు తెప్పించింది. పెద్ద దాంట్లో తడి ఇసుక పోసి, చిన్నదాన్ని అందులో దించి, నోటికి తడిగుడ్డ కట్టింది. ఇన్సులిన్ పెట్టెను పాలిథిన్ సంచిలో చుట్టి లోపల పెట్టింది. వేపచెట్టు మొదట్లో, గాలి ఆడే చోట. మా పడమటి ఎండకున్న ఒకే ఒక్క మంచి గుణం పొడితనం. కోస్తాలో చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది, కుండ చెమట కూడా అంతే; ఇక్కడ గాలి ఆవురావురుమని తడిని తాగేస్తుంది, తాగుతూ వేడిని పట్టుకుపోతుంది. మధ్యాహ్నం నేను థర్మామీటరు పెట్టి చూశాను. చెట్టు నీడలో 41, కుండ లోపల 28. కరెంటు లేదు, కంప్రెసరు లేదు. దానికీ వెనకవైపు ఉంది, కాకపోతే కుండ చుట్టూ అంతా వెనకవైపే.

డాక్టరుకు ఫోను చేసి అడిగాను. వాడుకలో ఉన్న సీసా 30 డిగ్రీలు దాటని చోట ఉంటే సుమారు నాలుగు వారాలు భయం లేదని, కొత్తవి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలని చెప్పాడు. ఆ తర్వాత వెతికితే తెలిసింది: కెన్యాలో దగహలే శరణార్థి శిబిరపు ఇళ్లలో వేడి 25 నుంచి 37 డిగ్రీల దాకా ఎక్కి దిగుతుంటే, అలాంటి వేడిలో ఇన్సులిన్ నాలుగు వారాలు ఎలా ఉంటుందో డాక్టర్స్ వితౌట్ బార్డర్స్, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి పరీక్షించి 2021లో ప్రచురించాయి. మందు శక్తి దాదాపు తగ్గలేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో చక్కెర జబ్బు వచ్చిన పసివాళ్ల తల్లులకు అది ఎంత పెద్ద మాటో అమ్మ కుండ దగ్గర కూర్చుని ఉంటే నాకు అర్థమైంది. తెరవని సీసాలు నాలుగింటిని పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టాం.

అలా పెట్టేటప్పుడు మా వీధిలో ఉండే ఏఎన్ఎం అమ్మాయి ఒక సంగతి చెప్పింది. "గడ్డకట్టే అర కిందికి తోయొద్దు పెద్దమ్మా, ఇన్సులిన్ ఒగసారి గడ్డకడితే ఇంగ పారేయాల్సిందే." టీకాల డబ్బాతో పల్లెలకు పోయేటప్పుడు ఐసు ప్యాకులను తీసిన వెంటనే డబ్బాలో పెట్టరట. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తారట. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే టీకాల పక్కన పెడతారు, లేకపోతే ఆ చలికే టీకా చెడుతుంది. చలి కూడా మందులాంటిదే, మోతాదు ఉంటుంది. అందరికీ ఒకే మోతాదు కాదు. ఇన్సులిన్‌కు ఒకటి, అరటిపండుకు ఒకటి. 10 డిగ్రీల లోపు పెడితే టమోటా పండటం మానేస్తుంది, దాని రుచి చచ్చిపోతుంది. పచ్చిదోర కాయకు 12, 13 డిగ్రీలు చాలు.

టమోటా మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగకుండా పోలేను. దేవనకొండ, పత్తికొండ, ఆస్పరి, తుగ్గలి చుట్టుపక్కల వర్షాధారపు ఎర్రనేలల్లోనూ, బోరు నీళ్ల కిందా పండేది టమోటా. మార్కెట్టు పత్తికొండ. 2023 జూలైలో దేశమంతా కిలో వంద దాటి కొన్న కాయ ఇదే. ధర పడిపోయిన ఏడు కిలో రూపాయి పలకదు. కోతకూలి రాదు, బాడుగ రాదు. అప్పుడు రైతు బాక్సులు బాక్సులుగా రోడ్డు పక్కన పారబోసి, ఖాళీ బాక్సులు మాత్రం ఇంటికి తీసుకుపోతాడు. చిన్నప్పటి నుంచి ఆ ఎర్రటి రోడ్డును ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆ కాయకు కావలసింది వారం రోజుల గడువు. ధర తేరుకునే దాకా, లారీ దొరికే దాకా, 12 డిగ్రీల నీడలో వారం. ఫ్రిజ్ మనకిచ్చేది అసలు చలి కాదు, గడువు. మా ఇంట్లో పెరుగుకు, మామిడిపండుకు ఉన్న ఆ గడువు ఆరుగాలం కష్టపడ్డవాడి పంటకు లేదు.

పూర్వం గడువు లేకుండా బతికామా అంటే, లేదు. మా జేజి కాలంలో ఇంటి ముందు జొన్న పాతర ఉండేది. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మన్ను కప్పేవాళ్లు. కరువొచ్చిన ఏడు తీసేవాళ్లు. పాతర తెరిచిన రోజు వెంటనే లోపలికి దిగనిచ్చేవారు కాదు, మూసిన గాలి ప్రాణం తీస్తుందని. పలుచగా తట్టి గలగలలాడేలా ఎండబెట్టిన జొన్నరొట్టె వారాల తరబడి చెడదు. దూరప్రయాణానికి మూటలో మొదట కట్టేది దాన్నే. ఉట్టి మీద పాలు, ఉప్పులో చింతకాయ, మజ్జిగలో మిరపకాయ. ఎండకూ ఉప్పుకూ పులుపుకూ ఒప్పజెప్పి దాచుకున్న తిండి అది. ఎండ మాకు శత్రువు అంటారు గానీ, దాచిపెట్టే పనిలో మాకు సాయపడింది కూడా అదే. అయితే టమోటాను కాయగా ఇలా దాచలేం, ఇన్సులిన్‌ను అసలే దాచలేం. పాత తెలివి చాలునని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. అమ్మ ప్రాణం 2కూ 8కీ మధ్య ఉంది, అది ఏ పాతరలోనూ దొరకదు.

దాచుకోలేని చోట మనుషులే కదులుతారు. దసరా దాటాక మా పడమటి పల్లెల్లో ఇంటింటికీ తాళాలు పడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, దేవనకొండ. "యాడికి పోయినారు?" అంటే "సుగ్గికి." గుంటూరు పక్క పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి. లారీల్లో గిన్నెలు, పరుపుచుట్టలు, రోలు, పసిపిల్లలు, కొందరు కోళ్లను కూడా గంప కింద మూసి తీసుకుపోతారు. అక్కడ పొలం గట్టున పరదా పట్టలతో గుడిసెలు. ఉగాదికి తిరిగొస్తారు. నా తరగతిలో జనవరి నుంచి మార్చి దాకా ఖాళీగా ఉండే బల్లలు నాకు బాగా గుర్తు. ఏ బల్ల ఎవరిదో పేర్లతో సహా గుర్తు. మామ బస్సు చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్లలో ఒక తల్లి పొయ్యిగట్టును, నీళ్ల ట్యాంకును చేత్తో నిమిరి, "ఇట్లాటిది ఒగటుంటే సుగ్గికి బిడ్డల్ని నిమ్మళంగా తోలకపోతుంటిమి గదక్కా" అంది అమ్మతో. ఆమెకు ఏమని చెప్పాలో నాకు తోచలేదు.

వాళ్లు కోసిన మిరపకాయ ఎక్కడికి పోతుందో తెలుసా? గుంటూరు చుట్టూ వందకు పైగా శీతల గిడ్డంగులున్నాయి. రంగు వాడకుండా, ధర వచ్చేదాకా, అది అక్కడ చల్లగా నిద్రపోతుంది. తమ ఊళ్లో టమోటాను రోడ్డు మీద పారబోసి వచ్చిన చేతులు, ఆ మిరపకాయను కోసి, ఎండబెట్టి, ఆ చలిలోకి పంపిస్తాయి. ఘాటుకు ఆ చేతులు రాత్రంతా మండుతాయి, వాటిని చల్లబరుచుకోవడానికి కుండలో నీళ్లే. మెకానిక్ చెప్పిన వెనకవైపు ఇదేనని నాకు అనిపిస్తుంది. గిడ్డంగి తలుపు ముందు నిలబడితే ఈ చేతులు కనపడవు.

బస్సు సంగతికి వస్తాను. పాత ఫ్రిజ్‌ను బయటికి తేవడమే ఒక పూట పట్టింది. గదులు కట్టకముందే దాన్ని లోపల పెట్టారు. ఇప్పుడు నడవ దాని వెడల్పుకు చాలదు, ముందు మెట్ల దగ్గర మలుపు తిరగదు. చివరికి వెనక ఎమర్జెన్సీ తలుపు బోల్టులు విప్పి, మంచం ఒకటి ఎత్తి పక్కకు పెట్టి, తాళ్లు కట్టి, నలుగురం నిలువుగానే దించాం. దించాక మామ దాని చుట్టూ ఒకసారి తిరిగి, తుడుపుగుడ్డతో తలుపు తుడిచాడు. ఇక పాత సామాను వాడికి ఇచ్చేదే కదా, అయినా తుడిచాడు.

కొత్తది ఏది కొనాలన్న దాని మీద రెండు రోజులు మాట్లాడుకున్నాం. మళ్లీ ఇంటి ఫ్రిజ్ అయితే చవక, ఎక్కడైనా బాగుచేస్తారు; కానీ దానికి బ్యాటరీ కరెంటును ఇన్వర్టరు 230 వోల్టులుగా మార్చి ఇవ్వాలి, ఆ మార్పిడిలోనే కొంత పోతుంది, కంప్రెసరు మొదలయ్యే క్షణాన ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. మంటతో నడిచే రకం మన దగ్గర దొరకడం కష్టం. అదీగాక ఆ రకంలో ద్రవం తన బరువుతోనే కిందికి జారాలి, బస్సు ఏటవాలుగా నిలబడితే పనిచేయదు. శ్రీశైలం ఘాటులో సమతలం ఎక్కడ వెతుకుతాం? చివరికి బస్సు బ్యాటరీ 24 వోల్టుల మీద నేరుగా నడిచే చిన్న కంప్రెసరు ఫ్రిజ్ అనుకున్నాం. అందులోనూ పైకి తెరుచుకునే పెట్టె రకమైతే మంచిది. చల్లగాలి బరువు, మూత తీసినా అడుగునే ఉంటుంది. ముందు తలుపు తీస్తే నేల మీదికి ఒలికిపోతుంది. లెక్కల్లో అదే గెలిచింది. కానీ అమ్మ మోకాళ్లు వంగవు. పెట్టె అడుగున ఉన్న సీసా కోసం రోజుకు రెండుసార్లు ఆమె నడుము వంచాలి. మామ ఇక లెక్కలు చూడలేదు. ముందు తలుపు రకమే, ఆమె చెయ్యి చాచితే అందే ఎత్తులో, అన్నాడు. ఆ నిర్ణయం సరైందని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఫ్రిజ్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, అంతవరకు ప్రయాణం ఆగింది. బిగించడానికి మళ్లీ ఆ మెకానిక్కే వచ్చాడు. ఈసారి గొట్టాల కింద రబ్బరు దిమ్మెలు వేశాడు, గతుకులకు అతుకులు చిట్లకుండా. ఫ్రిజ్ వెనక నాలుగు వేళ్ల సందు వదిలాడు. బస్సు రేకుకు రెండు కిటికీలు కోయాలన్నాడు. కింద ఒకటి చల్లగాలి లోపలికి రావడానికి, పైన ఒకటి వేడిగాలి పోవడానికి, రెండింటికీ జాలీలు. ఫ్రిజ్ ఉన్నది ఎడమవైపు, మెట్ల పక్క. అక్కడే సుద్దతో గీత గీశాడు.

అమ్మ మెట్ల మీద కూర్చుని చూస్తోంది. "ఆ వేడి యాడికి పోతాది నాయనా?" అని అడిగింది.

"బయటికమ్మా."

"బయట అంటే?"

ఆయన కోయబోతూ ఆగి వెనక్కి తిరిగాడు. బస్సు ఆగినప్పుడు జనం ఎక్కేది, దిగేది, నీడకు చాప వేసుకుని కూర్చునేది ఎడమవైపే. మధ్యాహ్నం ఆ నీడలో మా వీధి పిల్లలు గోలీలు ఆడుతున్నారు. ఎవరో ముసలాయన గోనెసంచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. జాలీ పెట్టబోయేది సరిగ్గా ఆయన తలకు మూడడుగుల పైన.

"ఈళ్ల మొగాల మిందికి కొట్టే సలువ నాకొద్దు," అంది అమ్మ. "ఆపక్క పెట్టు."

ఆపక్క అంటే కుడివైపు, రోడ్డు వైపు. అంటే ఫ్రిజ్ చోటు మారాలి, దాని కోసం పొయ్యిగట్టు జరగాలి, నీళ్ల గొట్టం మళ్లీ వేయాలి. ఒక రోజు పని, మూడు వేల రూపాయల ఖర్చు. మామ నా వైపు చూశాడు. నేను మెకానిక్ వైపు చూశాను. ఆయన సుద్దగీతను అరచేత్తో చెరిపేసి, నిచ్చెన ఎత్తుకుని బస్సు చుట్టూ తిరిగి కుడివైపుకు పోయాడు.

మరుసటి రోజు సాయంత్రానికి కొత్త ఫ్రిజ్ నడిచింది. మూడు గంటల తర్వాత థర్మామీటరు 5 చూపింది. పక్కింటి నుంచి తెచ్చిన సీసాలను అమ్మ తన చేతులతో మధ్య అరలో సర్దింది. కుండను మాత్రం తీయనివ్వలేదు. ఇసుక పారబోసి, కడిగి, తాగే నీళ్లకని డ్రైవరు సీటు వెనక తాళ్లతో కట్టించింది.

పొద్దు మునిగాక ఆమె కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్లాను. బస్సుకు కుడివైపు, రోడ్డు పక్క ఒంటరిగా నిలబడి ఉంది. పై జాలీ ముందు అరచెయ్యి పెట్టి చూస్తోంది. "పొద్దు పోయినాక గూడ ఈడ ఎండ ఉండాది సూడు," అంది. ఆ తొమ్మిది రోజుల్లో పులిసిన పెరుగంతా మజ్జిగ చేసి, ఉప్పేసి, అందులో పచ్చిమిరపకాయలు ఊరబెట్టింది. పగలు ఆరబెట్టి రాత్రి మళ్లీ మజ్జిగలో వేయడం అయిపోయి, ఆ రోజే చివరి ఎండ. ఇంకా కొంచెం మెత్తగా ఉన్నాయట. నాతో స్టూలు తెప్పించి, దాని మీద గోడవారగా ఒక పెట్టె పెట్టించి, మిరపకాయల చాటను సరిగ్గా ఆ జాలీ కిందికి జరిపింది.